రొట్టె ఎక్కడ పోయింది?

ప్రశ్న: ‘ద హంగర్ గేమ్స్’ నవలను సినిమాతో పోలుస్తూ సెమినార్ పేపర్ ఇవ్వాలి. కథ ఒకటే కదండీ, ఏం రాయాలి?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: కథ ఒకటే, చెప్పే తీరు వేరు. సుజాన్ కాలిన్స్ నవల (2008) మొత్తం కథానాయిక కాట్నిస్ నోటి మాట. ఆమెకు తెలియనిది మనకూ తెలియదు. గ్యారీ రాస్ సినిమా (2012) ఆమెను వదిలి, పిల్లలు ఒకరినొకరు చంపుకునే ఆ ‘ఆటలు’ నడిపే కంట్రోల్ రూమ్‌లోకీ వెళ్తుంది. పేపరుకు ఇదే వెన్నెముక.

ఆటల్లో కాట్నిస్‌తో జట్టుకట్టిన 11వ జిల్లా చిన్నపిల్ల రూ మరణం తీసుకోండి, 18వ అధ్యాయం. నవలలో 11వ జిల్లా జనం కాట్నిస్‌కు రొట్టె పంపుతారు. సినిమాలో రొట్టె లేదు, ఆ జిల్లాలో తిరుగుబాటు రేగుతుంది. తెరకు అల్లర్లు నప్పుతాయి, నిజమే. కానీ పంట పండించేవాళ్లే పస్తులుండి, కూడబెట్టి పంపిన రొట్టె అది! వరి పండే మన డెల్టాలో దాని విలువ విడమర్చి చెప్పాలా? నా లెక్కన అది పెద్ద నష్టమే.

కాట్నిస్‌కు మాకింగ్‌జే పక్షి బొమ్మ పిన్ను ఇచ్చే స్నేహితురాలు మాడ్జ్ సినిమాలో లేదు. కాట్నిస్ జిల్లా నుంచే ఆటలకు వెళ్లిన పీటాకు నవలలో పోయే కాలు సినిమాలో దక్కుతుంది. ఇవి ఒక్క వాక్యంలో తేల్చేయండి. తేడాల చిట్టా పోలిక అనిపించుకోదు.

ముందు నవల చదవండి. నోట్సులో ఎడమ పేజీన నవల వాక్యం, కుడివైపు అదే ఘట్టానికి సినిమా నిమిషం, షాటు, శబ్దం రాసుకోండి. ముద్రణను బట్టి పేజీలు మారతాయి, అధ్యాయం సంఖ్య కూడా వేయండి. రెండు ఘట్టాలు చాలు, మూడోది పెడితే టైము సరిపోదు.