హెడర్‌కు టైటిల్ ఎందుకు అందడం లేదు?

ప్రశ్న: పీహెచ్‌పీలో (వెబ్‌సైట్ల కోసం వాడే ప్రోగ్రామింగ్ భాష) చిన్న సైట్ చేస్తున్నాను. అన్ని పేజీలకూ ఒకటే హెడర్ (పేజీ పైభాగం), అది వేరే ఫైల్‌లో ఉంది. పేజీని బట్టి శీర్షిక మారాలని ఇన్‌క్లూడ్‌లో (వేరే ఫైల్‌ను పేజీలోకి తెచ్చే ఆదేశం) ఫైల్ పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి, దాని పక్కన శీర్షిక రాశాను. ఫైల్ దొరకలేదని వార్నింగ్. ఫైలేమో అదే ఫోల్డర్‌లో ఉంది!

జవాబు: ప్రశ్నార్థకం తర్వాత రాసేది బ్రౌజర్ అడ్రస్‌లో చెల్లుతుంది, ఇన్‌క్లూడ్‌లో చెల్లదు. ఇన్‌క్లూడ్ నేరుగా డిస్క్ మీద వెతుకుతుంది. మీరు రాసిందంతా, ప్రశ్నార్థకంతో సహా, ఫైల్ పేరే అనుకుంటుంది.

అసలు పంపే పనే లేదు. ఇన్‌క్లూడ్ లైన్ దగ్గర ఏ వేరియబుల్స్ (విలువలు దాచుకునే పేర్లు) ఉంటే అవన్నీ లోపలి ఫైల్‌కూ కనిపిస్తాయి. కాబట్టి ముందు లైన్‌లో

$శీర్షిక = 'సంప్రదించండి';

అని రాసి, ఆ కిందే హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేయండి. హెడర్‌లో టైటిల్ ట్యాగ్ మధ్య $శీర్షికను ఎకో చేస్తే (అంటే అక్కడ రాయిస్తే) సరి. (వేరియబుల్‌కు తెలుగు పేరు పెట్టినా పీహెచ్‌పీ ఏమీ అనదు.) వరుస తారుమారైతే మాత్రం హెడర్ నడిచే సమయానికి వేరియబుల్ పుట్టి ఉండదు. పీహెచ్‌పీ 7లో అది నోటీస్‌తో పోయేది, 8 నుంచి వార్నింగ్ ఇస్తోంది.

హెడర్ లేకపోతే పేజీకి అర్థమే లేదనుకుంటే రిక్వైర్ వాడండి. ఫైల్ లేకపోతే ఇన్‌క్లూడ్ వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్తుంది, రిక్వైర్ అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: కాన్ఫిగ్ ఫైల్‌ను (సైట్ సెట్టింగులుండే ఫైల్) ఒక ఫంక్షన్‌లో ఇన్‌క్లూడ్ వన్స్‌తో (ఫైల్‌ను ఒక్కసారే తెచ్చే ఇన్‌క్లూడ్) తెచ్చుకుంటున్నాను. మొదటిసారి పిలిస్తే బాగానే ఉంది, రెండోసారి వేరియబుల్స్ లేవంటోంది.

జవాబు: ఫంక్షన్‌లో ఇన్‌క్లూడ్ చేస్తే ఫైల్‌లోని వేరియబుల్స్ ఆ ఫంక్షన్‌కే లోకల్. ఫంక్షన్ ముగియగానే అవీ పోతాయి. రెండోసారి పిలిచినప్పుడు ‘ఈ ఫైల్ ఇదివరకే తెచ్చాను’ అని వన్స్ దాన్ని నడపదు. ఇక వేరియబుల్స్ ఎక్కడి నుంచి వస్తాయి? వన్స్‌ను క్లాసులు, ఫంక్షన్లు ఉన్న ఫైళ్లకే ఉంచండి.

కాన్ఫిగ్ ఫైల్ చివర వివరాలన్నీ ఒక ఆరేగా (విలువల జాబితా) రిటర్న్ చేయడం మేలు. $సెట్టింగ్స్ = ఇన్‌క్లూడ్ అని మామూలు ఇన్‌క్లూడ్‌తోనే అందుకోవచ్చు. ఇక్కడా వన్స్ పెడితే రెండోసారి ఆరే బదులు ఉత్త ట్రూ వస్తుంది. ఫంక్షన్‌లో ఆ వేరియబుల్స్‌ను గ్లోబల్ (ఫంక్షన్ బయటా ఉండేవి) అని రాసినా పని జరుగుతుంది గానీ, ఏ విలువ ఎక్కడ మారిందో వెతకలేక తల ప్రాణం తోకకొస్తుంది.