విండోస్ 10 ఇంటి కంప్యూటర్ 11కి మారిపోకుండా ఆపడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గాజువాకలో అమ్మానాన్నల డెస్క్‌టాప్, 8వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10 హోమ్. 11కి మారమని స్క్రీన్ నిండా అడుగుతోంది, నాన్నగారు ఎప్పుడో నొక్కేస్తారని మీ భయం. షాపులో అడిగితే "అప్‌డేట్ సర్వీస్ ఆపేద్దాం" అన్నారు.

షాపువాళ్ల మాట వినకండి. ఒక కొళాయి కారుతోందని మెయిన్ వాల్వు కట్టేసినట్టుంటుంది అది. పైగా ఆ సర్వీసుని డిజేబుల్ చేసినా ఆగి ఉండదు. విండోస్ అప్‌డేట్ మెడిక్ అని ఇంకొకటి ఉంది, ఆగిపోయిన అప్‌డేట్‌ని మళ్లీ లేపడమే దాని పని. నిజంగా ఆగిందే అనుకోండి, సెక్యూరిటీ ప్యాచ్‌లూ ఆగిపోతాయి. పాజ్ బటన్ కూడా 35 రోజులకు మించి పనిచేయదు.

చేయాల్సింది రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చే పెట్టెలో రెజెడిట్ అని టైప్ చేసి ఆ రిజిస్ట్రీని తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ వరకు వెళ్లండి. దాని కింద విండోస్‌అప్‌డేట్ అనే కీ (ఫోల్డర్ లాంటిది) ఉండాలి, హోమ్‌లో సాధారణంగా ఉండదు, రైట్ క్లిక్ చేసి మీరే సృష్టించండి. అందులో మూడు విలువలు పెట్టాలి. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, మాటల మధ్య ఖాళీ లేకుండా టైప్ చేయాలి.

మొదటిది టార్గెట్‌రిలీజ్‌వెర్షన్, 32 బిట్ డీవర్డ్ (అంకె రకం), విలువ 1. రెండోది ప్రొడక్ట్‌వెర్షన్, ఇది స్ట్రింగ్ (అక్షరాల రకం), విలువ విండోస్ 10 (ఇక్కడ మాత్రం 10కి ముందు ఖాళీ ఉండాలి). మూడోది టార్గెట్‌రిలీజ్‌వెర్షన్‌ఇన్ఫో, ఇదీ స్ట్రింగే, విలువ 22హెచ్2. తర్వాత రీస్టార్ట్.

పనిచేయలేదని వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు చోట్ల తప్పుతారు. మూడోదాన్ని కూడా డీవర్డ్‌గా చేస్తారు, అందులో హెచ్ అక్షరం ఎక్కదు. లేదా పాలసీస్ ఫోల్డర్ వదిలేసి, పైనే ఉన్న మైక్రోసాఫ్ట్ కింద పెడతారు, అక్కడ దాన్ని ఎవరూ చదవరు. సరిగ్గా పడితే అప్‌డేట్ పేజీ పైన "కొన్ని సెట్టింగ్స్‌ని మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే అర్థంతో ఎర్రక్షరాల వాక్యం వస్తుంది. ఇంట్లో సంస్థ ఏమిటని కంగారుపడకండి, పాలసీ అందిందని గుర్తు అదే. ఎప్పుడైనా వద్దనుకుంటే ఆ మూడూ డిలీట్ చేస్తే చాలు.

ఇది ప్రో ఎడిషన్ కోసం ఉద్దేశించిన పాలసీ. హోమ్‌లోనూ పనిచేస్తుంది గానీ మైక్రోసాఫ్ట్ హామీ ఏమీ లేదు, అందుకే రెండో గొళ్ళెం కూడా వేయండి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ తప్పనిసరి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్లి, టీపీఎంని, అంటే ఇంటెల్ బోర్డు అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరున్నదాన్ని, ఆపేస్తే అప్‌డేట్ పేజీయే ఈ కంప్యూటర్ 11కి అర్హం కాదని చెబుతుంది.

కానీ ఆపే ముందు సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ముందు ఆపి, డిస్క్ పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి. లేకుంటే మర్నాడు నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లు అసలు పాస్‌వర్డ్ ఒకసారి పరీక్షించుకోవాలి, టీపీఎం పోతే పిన్ పనిచేయకపోవచ్చు. ఇంకో సంగతి, పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద నాణెం బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగ్స్ మొదటికొస్తాయి, మీ గొళ్ళెమూ ఊడొచ్చు. తేదీ వెనక్కి పోతుంటే ఆ బ్యాటరీ మార్చండి, 2032 సైజు.

డౌన్‌లోడ్ ఇప్పటికే అయిపోయి "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" కనిపిస్తుంటే, రిజిస్ట్రీ మార్చాక, రీస్టార్ట్‌కి ముందే, డిస్క్ క్లీనప్‌ని అడ్మిన్‌గా తెరిచి తాత్కాలిక ఇన్‌స్టలేషన్ ఫైళ్లు తీసేయండి. ఆ పని అయ్యేదాకా షట్ డౌన్ మెనూ జోలికి పోవద్దు. యూపీఎస్ లేని ఇంట్లో తుపాను గాలికి కరెంటు పోయి అప్‌గ్రేడ్ మధ్యలో ఆగితే సాధారణంగా పాతదానికే వెనక్కి వస్తుంది, కానీ పాత హార్డ్ డిస్క్ మీద ఆ సాహసం ఎందుకు.

ఇవేవీ చేత్తో చేసే అప్‌గ్రేడ్‌ని ఆపవు. ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ దించి నడిపితే ఈ పాలసీని అది లెక్కచేయదు. నాన్నగారికి అడ్మిన్ కాని మామూలు యూజర్ అకౌంట్ ఇచ్చేయండి. పీసీ హెల్త్ చెక్ అనే యాప్ ఉంటే యాప్స్ జాబితాలోంచి తీసేయండి, దాని ముఖ్యమైన పనే 11 గురించి చెప్పడం.

ఒకవేళ ఇప్పటికే మారిపోయి ఉంటే 10 రోజుల్లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. ఈలోగా "జాగా ఖాళీ చేద్దాం" అని విండోస్.ఓల్డ్ ఫోల్డర్ తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

పదిలోనే ఉండాలంటే భద్రత మాట తప్పదు. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటి వాడకందారులకు ఈఎస్‌యూ (గడువు తర్వాతా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం) కింద 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి, అప్‌డేట్ పేజీలోని ఎన్‌రోల్ లింకు నొక్కి చేరాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. 22హెచ్2 వెర్షన్ కాకపోతే ఆ లింకు రాదు, కాబట్టి ముందు విండోస్ కీ, ఆర్ నొక్కి విన్‌వెర్ టైప్ చేసి బిల్డ్ నంబరు 19045 అని చూపిస్తోందో లేదో చూసుకోండి.