బస్తాల సందులో సీపీఆర్: ఎటువైపు కూర్చోవాలి?

ప్రశ్న: మా రైస్ మిల్లులో హమాలీలకు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, ఊపిరి ఊదే ప్రథమ చికిత్స) నేర్పించారు. పడిపోయిన మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నొక్కాలన్నారు. కానీ మా గోదాములో ధాన్యం బస్తాల వరుసల మధ్య సందులో ఒక్క మనిషే పడతాడు. అక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు తల వైపు కూర్చుని నొక్కవచ్చా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నొక్కవచ్చు. అయితే నాలుగైదు క్షణాల్లో బయటి ఖాళీ స్థలంలోకి లాగగలిగితే ముందు ఆ పని చేయండి. మనిషి పలకకుండా, మామూలుగా శ్వాస తీసుకోకుండా ఉంటే 108కి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టుకోండి.

పక్కన కూర్చోమనడానికి కారణం బలమే. మోకాళ్లు అతని శరీరానికి ఆనేంత దగ్గరగా ఉండి, మీ భుజాలు సరిగ్గా మీ అరచేతుల పైకి వచ్చినప్పుడే మోచేతులు వంగకుండా నడుము పైభాగపు బరువంతా రొమ్ము ఎముక కింది సగం మీద నిట్టనిలువుగా పడుతుంది. పెద్దవారికి ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు దిగాలి. నొక్కిన ప్రతిసారీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. దూరంగా కూర్చుంటే ఒత్తిడి ఏటవాలుగా పడి, భారమంతా చేతుల మీదికి వచ్చి, రెండు నిమిషాలు గడవకముందే లోతు తగ్గిపోతుంది. ఆ సంగతి నొక్కేవారికి తెలియదు కూడా. సినిమాల్లో మోచేతులు వంచి నొక్కే పద్ధతిని దయచేసి మరచిపోండి.

తల వైపు కూర్చోవడంలో ఒక సౌలభ్యం ఉంది. 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఊదేటప్పుడు, పక్కన ఉన్నవారు ఛాతీ దగ్గరి నుంచి నోటి వైపు జరగాలి; ఆ విరామంలో మెదడుకు రక్తం అందదు. తల వైపు ఉంటే కాస్త వెనక్కి తగ్గి వంగితే చాలు. ఇరుకు స్థలాల్లో ఒంటరి రక్షకుడికి ఈ పద్ధతిని యూరప్ మార్గదర్శకాలు కూడా అనుమతించాయి. ఇబ్బందల్లా ముఖం మీదుగా ముందుకు చాచి నొక్కవలసి రావడమే. పొట్టివారికి భుజాలు వెనకే ఉండిపోతాయి. మోకాళ్లను అతని తలకు ఇరువైపులా పెట్టుకుంటే ఆ దూరం తగ్గుతుంది. ఊదడం రాకపోతే ఆపకుండా నొక్కడం మేలు.

మనిషి బస్తాల మీదే పడిపోతే ముందు నేల మీదికి దించండి. కింద ధాన్యం కదులుతుంటే మీ బలంలో కొంత బస్తాకే పోతుంది. ఖాళీ గోనెసంచి మడిచి మీ మోకాళ్ల కింద వేసుకోవచ్చు కానీ, అతని వీపు కింద వేయకండి.

మరొకరు వస్తే ఆయన అతని తుంటికి ఇరువైపులా మోకాళ్లూని ఎదురుగా నొక్కడం అందుకోవాలి. ఊపిరి ఊదే పని తల వైపు ఉన్న మీది.