ఆడవాళ్ళకు పనికొచ్చే సైకిల్ దారి విశాఖలో ఎలా అడగాలి?

బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కేది ఎక్కువగా మగవాళ్ళే, మా కాలనీలో ట్రాక్ అడిగితే "ఆడవాళ్ళు ఎలాగూ తొక్కరు కదా" అంటున్నారని మీరు రాశారు.

ఆ మాట నిలవదు. నెదర్లాండ్స్‌లో ఆడవాళ్ళు మగవాళ్ళకు ఏమాత్రం తీసిపోకుండా తొక్కుతారు. అంత దూరం ఎందుకు, 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిల్ నేర్పిస్తే వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారు.

అసలు తేడా ప్రయాణంలో ఉంది. పిల్లను బడిలో దింపి, రైతుబజారుకెళ్ళి, మందులు తీసుకుని ఇంటికి రావడం: దూరం తక్కువ, ఆగేవి ఎక్కువ, క్యారియర్ మీద బరువు. ఆఫీసు వేళల్లో మద్దిలపాలెం కూడలిలో సైకిళ్ళ లెక్క తీస్తే ఇలా తిరిగే ఆడవాళ్ళు అందులో పడరు. మీరే తీయండి. బడి గేటు, రైతుబజారు గేటు, హైవేకి కలిసే సందు చివర నిలబడి, బడి వేళలతో పాటు మధ్యాహ్నం 11–1, చీకటి పడ్డాక ఒక గంట చూడండి. ఆడ, మగ, వెనక పిల్లలు, బరువు రాసుకోండి. సైకిల్ దిగి నడిపించుకెళ్ళేవాళ్ళను తప్పకుండా వేరే గడిలో రాయండి. ఎక్కడ దిగుతున్నారో లోపం అక్కడే.

ఇక కొలతలు. ఒకే దిశలో వెళ్ళే ట్రాక్‌కు 2 మీటర్ల వెడల్పు, రాకపోకలు రెండూ ఉంటే 3. ఫుట్‌పాత్‌కు ఐఆర్‌సీ 103 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాలు) చెప్పిన 1.8 మీటర్లు విడిగా ఉండాలి, అందులోంచి కోయనివ్వకండి. ఉత్త పెయింటు గీత ఒప్పుకోవద్దు, నాలుగు రోజుల్లో ఆటోలు, టిఫిన్ బళ్ళు నిలుస్తాయి. అంచు రాయి కావాలి. బస్టాపు దగ్గర ట్రాక్ షెల్టర్ వెనక నుంచి పోవాలి, లేకపోతే బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు మధ్యలోకి రావాల్సిందే. మురుగు జాలీ కడ్డీలు చక్రానికి అడ్డంగా ఉండాలి, నిలువుగా వేస్తే చక్రం దిగబడుతుంది.

మన ఊళ్ళో ఎత్తుపల్లాల సంగతి మరవకండి. 100 మీటర్లకు 3 మీటర్లు మించి ఎక్కే చోట, బరువున్న సైకిల్‌కు చుట్టుదారి సందు చూపించమనండి. మిట్టమధ్యాహ్నం తిరిగేవాళ్ళకు నీడ కావాలి. 2014 హుద్‌హుద్ తుఫానుకి కూలిన చెట్ల లోటు ఇలాంటప్పుడే తెలుస్తుంది. డివైడర్ దీపాలు రోడ్డుకే వెలుగిస్తాయి, కాబట్టి ట్రాక్ వైపు పొట్టి స్తంభాలు అడగండి. పొడుగాటి ప్రహరీ పక్కన, మధ్యలో బయటపడే సందే లేని దారిని రాత్రి ఏ ఆడపిల్లా ఎంచుకోదు. అది ఎంత దగ్గరదారైనా వద్దనండి.

అర్జీతో పాటు లెక్క కాగితాలు, దిగి నడిచిన చోట్ల ఫొటోలు జతచేసి వార్డు సచివాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి. ట్రాక్ తెరిచాక అవే చోట్ల, అవే వేళల్లో మళ్ళీ లెక్క తీయాలన్న షరతు కూడా అందులోనే రాయండి.