బీపీ ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తోంది, ఒంట్లో మాత్రం బాగానే ఉంది. ఏ అంకెని నమ్మాలి?

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. ఇంట్లో మిషన్ పై అంకె ఒకసారి 152 చూపించి పది నిమిషాలకే 131 చూపిస్తోంది, ఏది నిజం అన్నది ఒకటి. ఏ బాధా లేనప్పుడు దీని వెంట పడటం దేనికి, ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అనే మాట స్కూలు వ్యాసాలకి తప్ప ఎవరికి పనికొస్తుంది అన్నది రెండోది. మొదటిది తేలితే రెండోది సగం తేలినట్టే.

రెండు అంకెలూ నిజం కావచ్చు, రెండూ తప్పు కావచ్చు. బీపీ ఎత్తులాగా ఒకచోట నిలబడేది కాదు. నిద్రలో తగ్గుతుంది, లేచాక పెరుగుతుంది, మెట్లెక్కితే ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి కావాల్సింది ఒక అంకె కాదు, సగటు. ఆ సగటుకి విలువ ఉండాలంటే ప్రతిసారీ ఒకే పద్ధతిలో చూడాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రం ఆపుకుని కూర్చుంటే పై అంకె ఊరికే పెరుగుతుంది, ముందు వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఈ ఐదు నిమిషాలే ఎవరికీ ఓపిక ఉండదు. ఫోన్ కూడా పక్కన పెట్టాలి.

ఇక చెయ్యి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, చెయ్యి బల్ల మీద వదులుగా పడి ఉండాలి. పట్టీ గుండెకంటే కిందికి దిగిన ప్రతి సెంటీమీటరుకీ సుమారు ముప్పావు పాయింటు ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పట్టీ 10 సెంటీమీటర్లు దిగిందనుకోండి, 7 – 8 పాయింట్లు తేరగా వచ్చి చేరతాయి. అది జబ్బు కాదు, ఆ ఎత్తు తేడాకి రక్తం బరువు అంతే. పోనీ చేతిని మీరే గాల్లో ఎత్తి పట్టుకుంటే కండరం బిగిసి మళ్లీ పెరుగుతుంది.

పట్టీ సైజు ఇంకా పెద్ద చిక్కు. భుజం ఎముక చివరికీ మోచేతి మొనకీ మధ్యలో టేపు చుట్టి కొలవండి. చాలా మిషన్లతో వచ్చే మామూలు పట్టీ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకే సరిపోతుంది, ఎంతకి పనికొస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. మీ చెయ్యి 35 ఉంటే ఆ పట్టీతో బీపీ లేనివాళ్లకి కూడా బీపీ ఉన్నట్టు రావచ్చు. చొక్కా చెయ్యి మీద కట్టకండి, దాన్ని పైకి లాగి బిగుతుగా మడతపెట్టకండి కూడా. పట్టీ కింది అంచు మోచేతి మడతకి 2 – 3 సెంటీమీటర్లు పైన ఉండాలి, లోపల రెండు వేళ్లు దూరాలి.

మిషన్ నడుస్తుండగా మాట్లాడకూడదని ఎందుకంటారంటే, అది డాక్టరు స్టెతస్కోపుతో విన్నట్టు చప్పుడు వినదు. గాలి తగ్గుతున్నప్పుడు పట్టీలో వచ్చే చిన్న చిన్న అదురుల్ని పట్టుకుని, వాటి నుంచి రెండు అంకెల్నీ లెక్కగడుతుంది. చెయ్యి కదిపితే లెక్క చెడుతుంది, మాట్లాడితే అసలు బీపీయే పెరుగుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి ఈ మిషన్ అంకెలు నిలకడగా రాకపోవడానికి కూడా కారణం ఇదే. వాళ్లు డాక్టరు దగ్గరే చూపించుకోవడం మేలు. మణికట్టుకి కట్టేవాటికంటే పై చేతికి కట్టేదే నయం. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకముందు చూడండి. తేడా ఎప్పుడూ 10 – 15 దాటుతుంటే డాక్టరుకి చెప్పాలి.

ఇప్పుడు లెక్క. ఏడు రోజులు, పొద్దున మాత్ర వేసుకోకముందూ రాత్రి పడుకోబోయే ముందూ, ప్రతిసారీ నిమిషం తేడాతో రెండుసార్లు. మొత్తం 28 జతలు (పై అంకె, కింది అంకె కలిసి ఒక జత). మొదటి రోజు నాలుగూ కొట్టేయండి, ఆ రోజు కంగారు ఉంటుంది. మిగిలిన 24కీ పై అంకెల సగటు వేరుగా, కింది అంకెల సగటు వేరుగా తియ్యండి. ఇంటి కొలతలో సగటు 135/85 గానీ అంతకు పైన గానీ ఉంటే బీపీ ఉన్నట్టే అని చాలా దేశాల మార్గదర్శకాలు చెబుతాయి (అమెరికాలో 2017 నుంచి 130/80కే గీత గీశారు). ఆస్పత్రిలో చూసినప్పుడు ఆ గీత 140/90. నచ్చని అంకెని వదిలేసి బాగున్నదాన్నే రాసుకోవడం చాలామంది చేసే పని. డాక్టరుని మోసం చేసినట్టు అనిపించదు గానీ, మందు మోతాదు ఆ కాగితం చూసే వేస్తారు.

బాధ లేదు కదా అన్నారు. అసలు చిక్కు అదే. కోపం వస్తే ‘నాకు బీపీ తెప్పించకు’ అనడం అలవాటై, బీపీ పెరిగితే మనకి తెలిసిపోతుందనే నమ్మకం పాతుకుపోయింది. మామూలుగా తెలియదు. గుండె గోడ మందమవుతుంది, కిడ్నీల్లో, కంటి వెనక, మెదడులో సన్నటి రక్తనాళాలు గట్టిపడతాయి. ఇవేవీ నొప్పి పుట్టించవు. తలనొప్పి వచ్చినప్పుడే చూసుకునేవాళ్లకి ఎక్కువ కనిపిస్తే, చాలాసార్లు ఆ నొప్పే అంకెని పెంచి ఉంటుంది. 30 – 79 ఏళ్ల మధ్య బీపీ ఉన్నవాళ్లు ప్రపంచంలో సుమారు 128 కోట్లని, వాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

ఇది మీ ఒక్కరి సంగతే కాదు, సమాజం సంగతి కూడా. 180 ఉన్న మనిషికి పక్షవాతం ముప్పు చాలా ఎక్కువ, కానీ అలాంటివాళ్లు తక్కువమంది. 140, 145 దగ్గర ఉన్నవాళ్లకి ముప్పు ఒక మోస్తరు, కానీ వాళ్లే ఎక్కువమంది. అందుకని పక్షవాతాల్లో పెద్ద వాటా ఈ ‘కొంచెమే కదా’ అనుకునేవాళ్ల నుంచే వస్తుంది. ఒక మనిషి మంచాన పడితే చూసుకోవడానికి ఇంకో మనిషి పని మానాలి. ఒక్కొక్కరినీ పట్టుకుని మందులివ్వడంతోపాటు అందరి అంకెనీ కాస్త కిందికి దించడం ఉత్తమం అనేది అందుకే. ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాలో 1972లో మొదలుపెట్టింది అదే: పొగతాగడం, కొవ్వు, బీపీ మూడింటినీ ఊరూరా తగ్గించే ప్రయత్నం. కొన్ని దశాబ్దాల్లో అక్కడ పని వయసు మగవాళ్ల గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

మీ వంతుగా చేయగలిగింది, రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా కూడా నిండదు. ప్యాకెట్ మీద ఉప్పు అని కాక సోడియం అని రాస్తే దాన్ని 2.5తో హెచ్చించండి: 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పొటాషియం కలిపిన ఉప్పు మంచిదే గానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు అడక్కుండా వాడకూడదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక సరిపోతుంది. బరువు ఎక్కువుంటే తగ్గిన ప్రతి కిలోకీ సుమారు ఒక పాయింటు దిగుతుంది. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ముక్కు దిబ్బడకి వేసుకునే కొన్ని మాత్రలు బీపీని పెంచుతాయి, ఆ వారం చూసుకుంటుంటే కాగితం మీద రాసిపెట్టండి. మాత్రలు వాడుతూ అంకె బాగా వచ్చిందని ఆపేయకండి. అది మాత్ర చేసిన పని.

ఎప్పుడైనా 180/120 గానీ అంతకు పైన గానీ వస్తే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. మళ్లీ అంతే వచ్చి ఏ బాధా లేకపోతే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి, ఇంట్లో ఉన్న మాత్ర అదనంగా మింగకండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట ముద్దగా రావడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండోసారి పట్టీ కట్టక్కర్లేదు. వెంటనే అంబులెన్స్ పిలిచి, ఆ లక్షణం ఎన్ని గంటలకి మొదలైందో రాసుకోండి. ఆస్పత్రిలో ముందుగా అడిగేవాటిలో అదొకటి.