మంగలికత్తి కొంటున్నారా? డబ్బు ముందు పదునుకు పెట్టండి

ప్రశ్న: ఇన్నేళ్లూ కార్ట్రిడ్జ్ రేజర్ వాడాను. ఇప్పుడు మంగలికత్తికి మారాలని ఉంది. కత్తి, తోలుపట్టీ, సానరాయి, బ్రష్షు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. కొనేయమంటారా?

జవాబు: ఆ పెట్టె జోలికి పోకండి. అలాంటి సెట్లలో కత్తి తళతళలాడుతుంది గానీ, చాలావాటి ఉక్కు పదును పట్టదు, పట్టినా నిలవదు. అది వెంట్రుకను కోయదు, పీకుతుంది. మొదటి రోజే చర్మం మండి, "ఇది మనవల్ల కాదు" అని కత్తిని అటకెక్కించినవాళ్లు నాకు చాలామంది తెలుసు. తప్పు వాళ్ల చేతిది కాదు, కత్తికి పదునే లేదు. నాకు బాధ కలిగించేది అదే.

కాబట్టి కత్తి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి మాట: "ఇది గడ్డానికి సిద్ధంగా నూరిందేనా? ఎవరు నూరారు?" సూటిగా జవాబు రాకపోతే అక్కడ కొనకండి. జర్మనీలో జోలింగెన్, ఫ్రాన్స్‌లో తియేర్ కత్తులకు పేరుపడ్డ ఊళ్లు. అక్కడి నుంచి వచ్చిన కొత్త కత్తికి కూడా చాలాసార్లు చివరి సాన ఇంకోసారి పట్టాల్సి వస్తుంది. పిడి మామూలు ప్లాస్టిక్‌దైనా పర్వాలేదు. పిడి మీద మిగిలిన డబ్బు నూరేవాళ్లకు ఇవ్వండి.

కత్తి వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. మీకు 5/8 సరిపోతుంది, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. 6/8 కూడా మంచిదే గానీ ముక్కు కింద తిప్పడానికి కాస్త ఇబ్బంది. మొన గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. చదరపు మొన మీసం అంచు దిద్దడానికి భలే ఉంటుంది, కానీ కొత్త చేతికి చెవి పక్కన గాటు పెట్టేస్తుంది. బ్రష్షు సింథటిక్‌ది చాలు. షేవింగ్ సబ్బు ఒకటి, పటిక బిళ్ల ఒకటి. వాటి గురించి ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు.

ప్రశ్న: కత్తి బాగానే ఉంది. తోలుపట్టీ మీద రుద్దుతుంటే పట్టీ అక్కడక్కడా తెగింది. వారానికోసారి రుద్దితే సరిపోదా?

జవాబు: సరిపోదు. ప్రతి షేవ్‌కీ ముందు రుద్దాల్సిందే. గడ్డం గీసిన ప్రతిసారీ ఆ సన్నటి అంచు కొద్దిగా చెదురుతుంది. తోలు దాన్ని సర్ది నునుపు చేస్తుంది. ఈ పని మానేస్తే ఎంత మంచి కత్తయినా కొద్ది షేవ్‌లకే మొండికేస్తుంది.

పట్టీ తెగేది ఎక్కువగా కత్తి తిప్పే చోట. ఇలా చేసి చూడండి. పట్టీని బిగుతుగా లాగి పట్టుకోండి. వదులుగా ఉంటే తోలు అంచు చుట్టూ వంగి, ఉన్న పదునును గుండ్రం చేస్తుంది. కత్తిని పూర్తిగా పడుకోబెట్టండి, వెన్నూ (అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు) అంచూ రెండూ తోలును తాకాలి. కత్తి వెళ్లే వైపు వెన్ను ముందుండాలి, అంచు వెనకాల రావాలి. చివరికి వచ్చాక ఆగండి. నిజంగా ఆగాలి. వెన్నును తోలు మీద నుంచి ఎత్తకుండా, పుస్తకంలో పేజీ తిప్పినట్టు అంచును పైనుంచి అవతలికి తిప్పి, అప్పుడు వెనక్కి రండి. చాలామంది ఆగకముందే తిప్పుతారు, అప్పుడే అంచు తోలులో దిగుతుంది.

బరువు వేయకండి, కత్తి బరువే చాలు. చెవి పెట్టి వినండి కూడా. కత్తి సమంగా పోతుంటే శబ్దం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. మధ్యలో మారిందంటే మీ మణికట్టు వంగిందన్నమాట. ముందు తోలుపట్టీకి జతగా వచ్చే గుడ్డ పట్టీ మీద 20 సార్లు, తర్వాత తోలు మీద 40 సార్లు పోయి రావడం నా అలవాటు. వేగం దానంతటదే వస్తుంది. పట్టీకి పడ్డ చిన్న గాట్లను సన్నటి గరుకు కాగితంతో నున్నగా చేసి వాడుకోండి. చేయి కుదిరేదాకా ఖరీదైన పట్టీ కొనకండి.

ప్రశ్న: తాతగారి కత్తి దొరికింది, కాస్త తుప్పుంది. పనికొస్తుందా?

జవాబు: రావచ్చు, చాలా పాత కత్తుల ఉక్కు గొప్పది. అంచు మీద కాకుండా కత్తి పక్కల మీద పైపైన తుప్పు ఉంటే దిగులు లేదు. అంచు మీద గుంటలు పడ్డాయా, పగుళ్లున్నాయా అన్నది చూడండి. పగులుంటే షేవింగ్‌కి వద్దు, దాచుకోండి. కత్తిని గాజు పలక మీద పడుకోబెడితే ఊగకూడదు. పిడి కూడా గమనించండి. సెల్యులాయిడ్ (ఒక పాతకాలపు ప్లాస్టిక్) పిడి చివికిపోతుంటే దాంట్లోంచి వచ్చే ఆవిరి ఉక్కును తినేస్తుంది. అలాంటి పిడి తీయించి కొత్తది వేయించండి. ఆ తర్వాత సాన పట్టించాలి.

ప్రశ్న: సానరాయి ఎప్పుడు కొనాలి?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మంచి పదును ఎలా ఉంటుందో మీ చెంపకు తెలియాలి. పట్టీ మీద రుద్దినా కత్తి లాగుతోందంటే అప్పుడు సాన. ఆ సమయానికి 8000, 12000 గ్రిట్ రాళ్లుంటే పదును తాజా చేసుకోవచ్చు (గ్రిట్ అంటే రాయి గరుకును చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు). 1000 గ్రిట్ రాయి అంచును మొదటి నుంచీ తీర్చడానికి, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ప్రశ్న: మొదటి షేవ్ అంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మొదటిసారి రెండు చెంపలే చేయండి. మిగతాది మీ పాత రేజర్‌తో కానివ్వండి. వేడి నీళ్లతో గడ్డం బాగా నానాలి. రెండో చేత్తో చర్మం బిగించి, కత్తిని చర్మానికి 30 డిగ్రీల వాలులో పట్టి, వెంట్రుక పెరిగే దిక్కుకే చిన్న చిన్న గీతలు గీయండి. అంచును ఎప్పుడూ పక్కకు జరపకండి, తెగేది అక్కడే. కత్తి జారిపడితే పట్టుకోబోకండి, పడనివ్వండి.

అయ్యాక కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పిడి సందులోని తడి కూడా ఆరేదాకా తెరిచే ఉంచండి. చాలా కత్తులు కార్బన్ ఉక్కువి, తడిగా మడిస్తే తెల్లారేసరికి మచ్చ పడుతుంది. స్నానాలగదిలో పెట్టకండి. కొన్నాళ్లు వాడకపోతే ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాయండి. వంటనూనెలు మాత్రం వద్దు, జిగురు కడతాయి.

ప్రశ్న: మా తమ్ముడూ నేనూ ఒకే కత్తి వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. కంటికి కనపడని గాటు నుంచి కూడా హెపటైటిస్ బి, సి లాంటివి ఒకరి నుంచి ఒకరికి అంటవచ్చు. తమ్ముడికి వేరే కత్తి కొనండి. కావాలంటే సానరాయి మాత్రం ఇద్దరికీ ఒకటి చాలు.