గోగునార పట్టుకో: పీచు మీద రాస్తున్న అమ్మాయికి లేఖ

ప్రియమైన అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. కండరం, వెంట్రుక, పట్టు, పత్తి, ఓట్స్, ఇసబ్‌గోల్, కార్బన్ ఫైబర్, చివరికి ఫోన్ కేబుల్‌లోని గాజు తీగ దాకా అన్నీ వచ్చాయి. ఒక్కోదానికి నాలుగేసి వాక్యాలు. చెప్పుకోదగ్గ తప్పులేమీ లేవు, భాష కూడా హాయిగా ఉంది. అయినా చదవడం అయ్యాక ఒక్క పోగు కూడా నా మనసులో నిలవలేదు. అన్నిటినీ ముట్టుకున్నావు గానీ దేన్నీ పట్టుకోలేదు. సైన్సు రాయడం మొదలుపెట్టిన వాళ్ళలో చాలామందికి ఈ తొందర ఉంటుంది. తెలిసిందంతా చెప్పకపోతే తెలియదనుకుంటారేమోనని భయం. ఆ భయం వదిలెయ్.

ఒక్క మొక్కను తీసుకో. నువ్వు విజయనగరం జిల్లా పిల్లవి, నీకు గోగు కంటే మంచి మొక్క ఎక్కడ దొరుకుతుంది? గోంగూర పచ్చడీ, గోనె సంచీ ఆ జాతి మొక్కల నుంచే వస్తాయని మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. ఆకు మూకుట్లో క్షణాల్లో మగ్గిపోతుంటే, అదే మొక్క కాండం మీది నార బస్తాడు ధాన్యాన్ని ఎలా మోస్తోందన్నది మాత్రం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అది నువ్వు చెప్పు. కూర కోసం పెంచే రకాలు వేరు, నార కోసం వేసే రకాలు వేరు అన్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్ళు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో గోగు రకాల మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఒకసారి వెళ్ళి మాట్లాడు.

రాసేటప్పుడు ప్రతిచోటా రెండు ప్రశ్నలు అడుగు. ఇక్కడ దేన్ని ఏది పట్టి ఉంచుతోంది? ఆ పట్టును ఏది విడగొడుతోంది? చెరువులో, వంటింట్లో, పేగులో, ఫ్యాక్టరీలో ఈ రెండు ప్రశ్నలే వెయ్యి. వ్యాసం దానంతటదే దారిన పడుతుంది.

"సెల్యులోజ్ ఒక పాలిశాకరైడ్" అని రాసి వదిలేశావు. అది పరీక్షలో మార్కులు తెచ్చే వాక్యం. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజే, గోగునారలోని సెల్యులోజూ గ్లూకోజే అని మొదలుపెట్టి చూడు, పాఠకుడు ఆగి చదువుతాడు. పిండిపదార్థంలో గ్లూకోజ్‌లన్నీ ఒకే తీరున తిరిగి కలుస్తాయి కాబట్టి గొలుసు మెలి తిరుగుతుంది. సెల్యులోజ్‌లో ఒకటి వెల్లకిలా, పక్కది బోర్లా ఉంటుంది కాబట్టి గొలుసు తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన ఒత్తుగా సర్దుకుంటాయి, హైడ్రోజన్ బంధాలు వాటిని పట్టి ఉంచుతాయి. అలా తయారైన కట్ట మందం మూడు నాలుగు నానోమీటర్లు. మన లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ మొదటి రకం అతుకును కోయగలదు, రెండో రకాన్ని కోయలేదు. అన్నం అరిగి, నార అరగకపోవడానికి కారణం ఇంతే. ఆవు కూడా ఆ పని సొంతంగా చేసుకోలేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులు చేసిపెడతాయి. 1838లో ఆన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త మొక్కల్లో ఈ పదార్థాన్ని గుర్తించాడని చెప్పాలనుకుంటే చెప్పు, చెప్పకపోయినా నష్టం లేదు.

అసలు పని చెరువు దగ్గర ఉంది. దాని మీద నీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. పూత మొదలయ్యాక గోగు కోస్తారు, ఇంకా ఆలస్యమైతే కాండాన్ని చెక్కలా గట్టిపరిచే లిగ్నిన్ పెరిగి నార ముతకబారుతుంది. కట్టలు కట్టి, ముందు మొదళ్ళు మాత్రం నీళ్ళలో ఉండేలా కొన్ని రోజులు నిలబెడతారు. మొదలు దగ్గర బెరడు మందం, అది ఊరడానికి ఎక్కువ సమయం కావాలి. తర్వాత కట్టల్ని పడుకోబెట్టి, పైన బరువు పెట్టి ముంచేస్తారు. నీటి వేడిని బట్టి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా బాక్టీరియా పెక్టిన్‌ను తింటాయి. పెక్టిన్ అంటే మొక్క కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు. సెల్యులోజ్ గట్టిగా అమరి ఉంది కాబట్టి, లిగ్నిన్ కాపు కాస్తోంది కాబట్టి దాని జోలికి అవి అంత తొందరగా పోవు.

చేతికి బారెడు పొడవున వచ్చే ఆ నార ఒకే పోగు కాదు. కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే సన్నటి కణాలు వరసగా, ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని తయారైన కట్ట అది. ఈ సంగతి తెలిస్తే రైతు పడే టెన్షన్ అర్థమవుతుంది. తక్కువ ఊరితే బెరడు అంటుకుని వస్తుంది. ఎక్కువ ఊరితే ఆ కణాలను కలిపి ఉంచిన జిగురూ పోయి నార పీలికలవుతుంది, ధర పడిపోతుంది. అందుకే ఆయన రోజూ నీళ్ళలో దిగి ఒక పుల్ల తీసి, బొటనవేలితో నొక్కి లాగి చూస్తాడు. నార పుల్ల మీంచి సాఫీగా జారి వస్తే అయినట్టు. ఆ బొటనవేలు కొలుస్తున్నది పెక్టిన్ ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నదే. నువ్వు వెళ్ళి, అడిగి, వీలైతే నీ వేలితో నొక్కి చూసి ఈ పేరా రాయి. పుస్తకాల్లోంచి రాస్తే ఇది రాదు.

చెరువు వాసన గురించి కూడా రాయి, సిగ్గుపడకు. గాలి అందని నీళ్ళలో పెక్టిన్ పులిసినప్పుడు పుట్టే వాటిలో బ్యూటిరిక్ ఆమ్లం ఒకటి. చెడిపోయిన వెన్న కంపు దానిదే. ఈ ఆమ్లాన్ని గుర్తుపెట్టుకో, కాసేపట్లో పేగులో మళ్ళీ కనిపిస్తుంది.

అక్కడికి పోయేముందు వంటింట్లో ఆగాలి. కందిపప్పు పచ్చిగా ఉండగానే గోంగూరో, చింతపండు పులుసో వేస్తే పప్పు ఎంతకీ మెత్తబడదని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పులుపు తగిలితే పెక్టిన్ వేడికి అంత సులువుగా కరగదు, గింజలోని కణాలు విడిపోవు. అందుకే పప్పు ఉడికాకే పులుపు వేస్తారు. మరి గోంగూర ఆకే అంత పుల్లగా ఉంటుంది కదా, అది వెంటనే ఎలా మగ్గుతుంది? పాఠకుడు ఇది తప్పకుండా అడుగుతాడు, నువ్వే ముందు అడుగు. ఆకులో కణగోడలు పలచన, లిగ్నిన్ చాలా తక్కువ. ఆకు నిటారుగా నిలబడడానికి కారణం కణాల్లో నిండి ఉన్న నీటి ఒత్తిడి. వేడికి కణపొరలు తెగి ఆ నీరు బయటికొస్తే ఆకు కూలిపోతుంది. కాండంలో నారకణాల గోడలు మందంగా కట్టుకుని ఉంటాయి, నీరు పోయినా అవి నిలబడే ఉంటాయి.

ఇక పోషణ. "పీచు చీపురులా కడుపును ఊడ్చేస్తుంది" అని రాశావు. కొట్టేయి. కరగని పీచు మలానికి పరిమాణం ఇస్తుందన్నది నిజమే, కానీ ఆ పోలిక వల్ల సగం కథ మరుగున పడిపోతోంది. మెంతులు, జామ, ఓట్స్‌లో ఉండే కరిగే పీచు పేగులో నీటిని పట్టుకుని జిగటగా మారి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. తర్వాత పెద్దపేగులో బాక్టీరియా దాన్ని పులియబెడతాయి. చెరువులో జరిగినట్టే ఇక్కడా గాలి లేదు, ఇక్కడా పెక్టిన్ (అదీ కరిగే పీచే) ముందు పోతుంది, లిగ్నిన్ మిగిలిపోతుంది. పుట్టే ఆమ్లాల్లో ఎసిటిక్, ప్రొపియోనిక్‌లతో పాటు ఆ బ్యూటిరిక్ కూడా ఉంటుంది. పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. చెరువు గట్టున ముక్కు మూసుకున్న పాఠకుడికి ఈ మాట చెప్పినప్పుడు కలిగే ఆశ్చర్యం కోసమే గోగును తీసుకోమన్నాను.

ఆరోగ్యం గురించి రాసేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండు తల్లీ. నీ మాట నమ్మి ఎవరో ఒకరు రేపటి నుంచి తిండి మార్చుకుంటారు. "పీచు తింటే గుండె జబ్బులు రావు" అన్నది రాయకూడని వాక్యం. ఎంత, దేంట్లోది, దేని మీద అన్నవి లేకుండా ఏ లాభమూ రాయకు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు రోజుకు 3 గ్రాములు అందేలా తింటే కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుందన్న ఆధారాలు చూసి, 1997లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కొవ్వు తక్కువ తిండిలో భాగంగా అది గుండె జబ్బు ముప్పును తగ్గించవచ్చన్న మాటను ఓట్స్ ప్యాకెట్ల మీద వేసుకోనిచ్చింది. చూడు, ఎంత కొలిచి మాట్లాడారో. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు సహజమైన తిండి నుంచి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మన తిండిలో దేంట్లో ఎంత ఉందో కావాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చూడు, 528 ఆహార పదార్థాల లెక్కలున్నాయి. నెట్‌లో ఎవరో పెట్టిన ఫోటో మీది అంకెలు వద్దు. ఒక్కసారిగా పీచు పెంచితే కడుపు ఉబ్బుతుందని, మెల్లగా పెంచుతూ నీళ్ళు బాగా తాగాలని, పేగు సన్నబడిన వాళ్ళు, ఆపరేషన్ అయిన వాళ్ళు ముందు డాక్టరును అడగాలని కూడా రాయి. ఆ రెండు వాక్యాలు స్థలం వృథా కాదు.

బర్కిట్ గురించి నువ్వు రాసింది బాగుంది, ఉంచు. ఉగాండాలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఐరిష్ సర్జన్, అక్కడి పల్లె జనంలో అరుదుగా కనిపించే జబ్బులు పాశ్చాత్య దేశాల్లో ఎందుకు మామూలైపోయాయని అడిగాడు. 1970లలో పీచు మీద ప్రపంచం దృష్టి పడడానికి ఆయనే ముఖ్య కారకుడు. అయితే ఆయనది పరిశీలన. పల్లె జీవితంలో పీచు ఒక్కటే తేడా కాదు కదా. ఆ మాట కలుపు.

వస్తువుల సంగతికొస్తే, కార్బన్ ఫైబర్ తీసేసి కొబ్బరి పీచు పెట్టు. గోగునారలో, జనపనారలో సెల్యులోజ్ కట్టలు పోగు పొడవునా దాదాపు తిన్నగా సాగుతాయి. అందుకే లాగితే బిగువుగా నిలుస్తాయి. జనపనారైతే రెండు శాతమైనా సాగకుండానే తెగుతుంది. కొబ్బరి పీచులో అవే కట్టలు నలభై డిగ్రీలకు పైగా ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి, అందుకని అది పదిహేను శాతం దాటి సాగుతుంది. లిగ్నిన్ కూడా ఎక్కువ కాబట్టి ఉప్పునీటిలో త్వరగా కుళ్ళదు. ఒకటి బస్తాకు, ఒకటి పడవ మోకుకు పనికొచ్చింది ఇందుకే. కోనసీమ పాఠకుడు ఈ పేరా దగ్గర తప్పకుండా ఆగుతాడు. ఆ తర్వాత ఒక్క అడుగు వేసి, 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్‌కు దారి తీసిన పోగును ఎలా కనిపెట్టిందో రాయవచ్చు. ఆమె కలిపిన ద్రావణం మామూలు వాటిలా చిక్కగా, తేటగా లేదు. పలచగా, మబ్బుగా ఉంది. యంత్రం సన్న రంధ్రాలు పూడుకుపోతాయని పోగు తీసే అతను మొదట ఒప్పుకోలేదు. ఆమె పట్టుబట్టింది. తిన్నని గొలుసులు, వాటి మధ్య హైడ్రోజన్ బంధాలు అన్న గోగు ఏర్పాటే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌లో ఉందని అప్పుడు రాయి. పాఠకుడికి అది కొత్త విషయంలా అనిపించదు, తనకు తెలిసిన దానికి కొనసాగింపులా ఉంటుంది.

చర్మాన్నీ, ఎముకనూ, స్నాయువునూ పట్టి ఉంచే ప్రొటీన్ పోగు కొలాజెన్‌ను మాత్రం ఇందులోంచి పూర్తిగా తీసెయ్. దాన్ని నాలుగు వాక్యాల్లో ముగించడం నాకు బాధనిపించింది. 1952లో మద్రాసు వచ్చిన బ్రిటన్ శాస్త్రవేత్త బెర్నాల్, కొలాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ తేలలేదని చెప్పడం, మద్రాసు విశ్వవిద్యాలయంలోని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా దాన్ని పట్టుకుని కూర్చోవడం, కంగారూ తోకలోని స్నాయువు మీద ఎక్స్-కిరణాలు పంపడం, కొలాజెన్‌లో మూడో వంతు ఉండే గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కూడా లెక్కలోకి తీసుకుని 1954లో మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించడం, తర్వాత క్రిక్, రిచ్ అనే శాస్త్రవేత్తలతో పేటల మధ్య హైడ్రోజన్ బంధం ఒకటా రెండా అని నడిచిన వాదం... ఇదంతా మన పక్క ఊళ్ళో జరిగింది. విటమిన్ సి లేకపోతే చిగుళ్ళు ఎందుకు వదులవుతాయన్నది కూడా ఆ మూడు పేటల కథలో భాగమే. దానికి విడిగా ఒక పూర్తి వ్యాసం రాయి.

ముందు గోగు పని చూడు. మీ చుట్టుపక్కల కట్టలు ఎప్పుడు ఊరవేస్తారో కనుక్కుని, ఊరవేసిన రోజు ఒకసారి, నార తీసే రోజు ఒకసారి వెళ్ళు. నార తీసే ఆడవాళ్ళతో మాట్లాడు, వాళ్ళు వాడే మాటలు ఉన్నవున్నట్టు రాసుకో, నడుం లోతు నీళ్ళలో రోజంతా నిలబడితే చేతులూ కాళ్ళూ ఏమవుతాయో అడుగు. కూలి ఎంతో అడుగు. రెండో ప్రతి చెరువు దగ్గర మొదలవ్వాలి. అది పంపాక కొలాజెన్ కోసం ఏమేం చదవాలో రాస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి